నాక్స్ గారి ప్రశ్న, మా అమ్మకు 22 వాక్యాలు

అమ్మ పోయి ఏడాది కావడానికి ఇంకా నెలన్నర ఉందనగా అక్క ఫోను చేసింది. "సంవత్సరికం పూజలో సామెతల గ్రంథం చివరి భాగం నువ్వే చదవాలిరా. కాలేజీలో ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినవాడివి, నీకైతే గొంతు వణకదు" అంది. సరేనన్నాను. 31వ అధ్యాయం, 10వ వచనం నుంచి 31 దాకా. మొత్తం 22 వచనాలు. "గుణవతియైన భార్య దొరుకుట అరుదు, అట్టిది ముత్యముకంటె అమూల్యమైనది" అని మొదలవుతుంది. మా వైపు క్రైస్తవుల ఇళ్లలో ఇది రాని ఆడపిల్ల ఉండదు. పెళ్లి ప్రసంగాల్లో వినిపిస్తుంది, తల్లుల సమాధి కార్యక్రమాల్లో వినిపిస్తుంది.

ముందుగా ఒకసారి గట్టిగా చదివి చూసుకుందామని కూర్చున్నాను. నాలుగో వచనం దగ్గర ఆగిపోయాను. చదువుతున్నది మా అమ్మ గురించి కాదనిపించింది. గుణవతి అంటే నా కళ్ల ముందుకొచ్చేది తలవంచుకుని నిలబడిన బొమ్మ. మా అమ్మ అలాంటిది కాదు. నాలుగు గేదెలను మేపి, పాలు పోసి, ఆ డబ్బుతో అరెకరం మాగాణి కొన్న మనిషి. కొనేముందు మూడు రోజులు ఆ పొలం గట్టు మీద తిరిగి, మట్టి వేళ్లతో నలిపి చూసి, పక్క రైతుతో నీళ్ల వంతు సంగతి తగవులాడి మరీ తేల్చుకుంది. ఆమె నోటికి జడిసేవాళ్లే కానీ, గుణవతి అన్నవాళ్లు మా ఊళ్లో లేరు.

అప్పుడు నాక్స్ బైబిలు గుర్తొచ్చింది. చాలా ఏళ్ల కిందట హైదరాబాదు ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్నాను. కొన్నది భక్తితో కాదు. రోనాల్డ్ నాక్స్ పేరు నాకు డిటెక్టివ్ కథల వల్ల తెలుసు. డిటెక్టివ్ కథ రాసేవాడు పాఠకుడిని మోసం చేయకూడదంటూ 1929లో పది ఆజ్ఞలు రాసిన పాద్రీ ఆయనే. అలాంటివాడు బైబిలు మొత్తం ఒంటి చేత్తో అనువదించాడంటే ఎలా ఉంటుందో చూద్దామని కొని, అటకెక్కించాను. ఇప్పుడు దుమ్ము దులిపి సామెతల చివరి పుట తీశాను.

మొదటి వాక్యంలోనే 'గుణవతి' లేదు. అక్కడున్న మాటకు చురుకూ సత్తువా ఉన్న భార్య అని అర్థం. రెండో వచనం, మూడో వచనం చదివాక ఏదో తేడాగా తోచింది. ఎడమ అంచు వెంబడి వేలు పెట్టి కిందికి దిగాను. మొదటి వాక్యం ఎ అక్షరంతో మొదలైంది, రెండోది బితో, మూడోది సితో. అలా పి దాకా వరుస తప్పలేదు. క్యూ వదిలేసి ఆర్, ఎస్, టి, యు, వి, డబ్ల్యుతో ముగించాడు. ఇంగ్లీషులో 26 అక్షరాలు, వచనాలు 22. మిగిలిన నాలుగూ, క్యూ, ఎక్స్, వై, జెడ్, బయట ఉండిపోయాయి.

గురువులను తయారుచేసే సెమినరీలో హీబ్రూ చదివిన మిత్రుడొకరున్నారు. ఆయనకు ఫోను చేస్తే నవ్వారు. "మూలంలో ఉన్నదే అది. హీబ్రూ అక్షరాలు 22. ఆలెఫ్ నుంచి తావ్ దాకా వచనానికో అక్షరం. మన అఆఇఈల పద్యమన్నమాట" అన్నారు. అరవై దాటిన మనిషిని, చిన్నప్పటి నుంచి విన్న భాగం, ఇన్నాళ్లూ ఈ సంగతి నాకు తెలియదు. తెలుగులో అది కనబడదు, కతోలికుల పాత లాటిన్ బైబిలు మాటల వరుసలోనూ కనబడదు. యెరూషలేము నాశనం మీద ఏడ్చే విలాప గీతాల్లో మొదటి నాలుగూ ఇలా అక్షరమాల మీదే నడుస్తాయట. లాటిన్ అనువాదంలో ఆ వరుస నిలవలేదు కాబట్టి వచనం ముందు ఆలెఫ్, బేత్ అని అక్షరం పేరే పెట్టారు. పవిత్ర వారంలో గాయకులు ఆ పేర్లను కూడా రాగం తీసి పాడేవారు. పోయిన అక్షరానికి పేరు మాత్రం మిగలడం, ఆ పేరునే పాడుకోవడం నాకు భలే నచ్చింది.

నాక్స్ మాత్రం పేరుతో సరిపెట్టుకోలేదు, వరుసనే తిరిగి కట్టాడు. ఇక్కడే కాదు, విలాప గీతాల్లోనూ కట్టాడు. లాటిన్ లెక్కలో 118వ కీర్తన, 176 వచనాలు. అందులో అక్షరానికి ఎనిమిదేసి వచనాలు. ఎనిమిదింటికి ఎనిమిదీ ఎతోనే, తర్వాతి ఎనిమిదీ బితోనే. ఇంత ఓపిక ఎక్కడిదని చూస్తే, 1924లో ఆయన అచ్చంగా అక్షరాల పొడుపు పద్యాలతోనే ఒక పుస్తకం వేసి ఉన్నాడు. ఆ ఇంటి నీళ్లలోనే ఏదో ఉంది. నలుగురు అన్నదమ్ముల్లో రోనాల్డ్ చిన్నవాడు. పెద్దన్న పంచ్ అనే హాస్య పత్రికకు సంపాదకుడు. రెండో అన్న, ఇంట్లో పిలిచే పేరు డిల్లీ, యుద్ధ కాలంలో జర్మన్ల ఎనిగ్మా రహస్య లిపిని విప్పిన బ్లెచ్లీ పార్క్ బృందంలో ముఖ్యుడు. ఒకడు శత్రువు అక్షరాలు విప్పుతున్న రోజుల్లోనే, ఇంకొకడు ష్రాప్‌షైర్ పల్లెలో బైబిలు అక్షరాలు పేరుస్తున్నాడు.

తండ్రి ఇంగ్లండు వారి ఆంగ్లికన్ చర్చిలో బిషప్పు. రోనాల్డ్ కూడా మొదట ఆంగ్లికన్ గురువే. 1917లో కతోలికుడయ్యాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కతోలిక విద్యార్థులకు గురువుగా 13 ఏళ్లు పనిచేసి, 1939లో ఆ పని వదిలి, ఆల్డెన్‌హమ్ అనే పల్లెటూరి భవంతిలో ఆక్టన్ కుటుంబం దగ్గర ఉండిపోయాడు. అక్కడైతే ప్రశాంతంగా బైబిలు పని చేసుకోవచ్చని. ఆ ఏడే యుద్ధం వచ్చింది. లండన్ నుంచి ఒక కన్యాస్త్రీల బడి, పిల్లలతో సహా ఆ ఇంట్లోనే దిగింది. ప్రశాంతత గాలికి పోయింది కానీ, ఆ ఆడపిల్లలకు చెప్పిన ప్రసంగాలే తర్వాత మంచి పుస్తకాలయ్యాయి. అనువాదం ఆగలేదు. కొత్త నిబంధన 1944లో పరీక్షగా, సొంతంగా చదువుకోవడానికి మాత్రమే అచ్చయింది. బిషప్పుల ఆమోదంతో 1945లో బయటికొచ్చింది. పాత నిబంధన 1949లో. సుమారు తొమ్మిదేళ్ల పని. మధ్యలో 1943లో ఒక చిత్రం జరిగింది. ఆయన చర్చి ఆచారం ప్రకారం వుల్గేట్ అనే ఆ పాత లాటిన్ బైబిలు నుంచి అనువదిస్తూ ఉంటే, పోపు పన్నెండో పయస్ అదే ఏడు ఒక లేఖ రాసి హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి అనువదించడాన్ని ప్రోత్సహించాడు. సగం దారిలో ఉన్న మనిషికి అది ఎలా ఉండి ఉంటుందో! కాలు వెనక్కి తీయలేదు. హీబ్రూ, గ్రీకు పక్కన పెట్టుకుని చూస్తూనే లాటిన్ పని పూర్తి చేశాడు.

ఆయన పెట్టుకున్న నియమం ఒక ప్రశ్న. ఈ పరదేశిని ఇంగ్లీషు ఎలా మాట్లాడించాలి అని కాదు, ఇదే సంగతి ఒక ఇంగ్లీషువాడు చెప్పవలసి వస్తే ఏమని చెప్పేవాడు అని. ఇది చదివాక నాకు దురద పుట్టింది. ఈ 22 వచనాలనూ మా ఊరివాళ్లు చెప్పవలసి వస్తే ఏమని చెప్పేవారు? అదీ అకారాది క్రమంలో? నా దగ్గర ఉన్నది చిన్నప్పుడు మైనర్ సెమినరీలో మూడేళ్లు చదివిన లాటిన్, ఫోనులో దొరికే హీబ్రూ మిత్రుడు, పక్కన నాక్స్. నాకు పౌరుషం ఎక్కువ, పాండిత్యం తక్కువ.

మొదట అక్షరాలు ఎంచుకోవాలి. మనకు ఇంగ్లీషువాళ్ల లాగా నాలుగు మిగలడం కాదు, సగానికి పైగా మిగులుతాయి. ఙ, ఞ, ణలతో మాట మొదలుకాదు. ఋ పక్కన పెట్టాను. అ నుంచి ఔ దాకా 12 అచ్చులు. వాటి వెనక క, గ, చ, జ, త, ద, న, ప, మ, వ అని పది హల్లులు. సరిగ్గా 22. కాగితం మీద నిలువుగా రాసుకుని చూస్తే పలక మీద అక్షరాలు దిద్దినట్టుంది.

మొదటి వచనానికే పదకొండు రోజులు పట్టింది. లాటిన్‌లో 'ముల్యేరెం ఫోర్తెం' అని ఉంది, బలమైన స్త్రీ అని. హీబ్రూ మాట సైనికుల బలానికీ వాడతారట. ఇంగ్లీషులో పాత కతోలిక అనువాదం శూరురాలంది. అది గ్రెగరీ మార్టిన్‌ది. ఇంగ్లండులో కతోలికులకు నిలువ నీడ లేని రోజుల్లో, 1578లో మొదలుపెట్టి, ఫ్రాన్సులోని రీమ్స్‌లో కూర్చుని రోజుకు రెండు అధ్యాయాల చొప్పున బైబిలంతా ముగించిన పండితుడు. ఆయన కొత్త నిబంధన 1582లో అచ్చయింది, అదే ఏడు క్షయతో పోయాడు. పాత నిబంధన అచ్చుకు డబ్బులు లేక 1609 దాకా ఆగింది. రాజు జేమ్స్ పేరు మీద 1611లో వచ్చిన బైబిలు ఆమెను సద్గుణవతిని చేసింది. నాక్స్ చురుకైనదంటాడు. వేలియంట్, వర్చువస్, విగరస్: మూడూ వకారమే, ముగ్గురూ వేర్వేరు ఆడవాళ్లు. మన పాత అనువాదం రెండో ఆమె వైపు మొగ్గింది. వీరనారి అని రాశాను, కొట్టేశాను. అది కత్తి పట్టిన విగ్రహం. శక్తిమంతురాలు అన్నాను. అది మందుల ప్రకటన. ధీర అన్నాను. అది పద్యం.

మాట దొరికింది పాలకేంద్రం దగ్గర. అమ్మ పాలు పోసిన చోటే. అక్కడి ముసలాయన నన్ను చూసి, "మీ అమ్మ దిట్ట అయ్యా. కొలతలో చుక్క తేడా వస్తే ఊరుకునేది కాదు" అన్నాడు. నేను అక్కడే నిలబడిపోయాను. దిట్ట! బలమూ ఉంది, నేర్పూ ఉంది, ఎదుటివాడి జంకూ ఉంది అందులో. మా ఊరివాళ్లు ఏమనేవారు అని ఇంట్లో కూర్చుని నన్ను నేను అడుక్కుంటున్నాను, వెళ్లి వాళ్లనే అడిగి ఉంటే సరిపోయేది. "అంత దిట్టమైన ఇల్లాలు ఎవరికి దొరుకుతుంది? దూరతీరాల నుంచి తెచ్చిన రత్నం ఆమె" అని మొదటి వాక్యం కుదిరింది.

తర్వాత కొన్ని వాటంతట అవే నడిచి వచ్చాయి. ఆమె చీకటి ఉండగానే లేచి ఇంటివారికి భోజనం సిద్ధం చేసే వచనం ఊకారానికి పడింది: "ఊరు లేవకముందే లేచి ఇంటిల్లిపాదికీ వండి పెడుతుంది." నడుముకు బలాన్ని కట్టుకుంటుంది అనే హీబ్రూ నుడికారం దగ్గర ఇంగ్లీషువాడు తంటాలు పడాలి, మనకు నడుం బిగించడం రోజూ వాడే మాట: "ఏ పనికైనా నడుం బిగిస్తుంది, ఆ చేతులకు అలుపు లేదు." సోమరితనపు రొట్టె తినదు అన్నచోట మనకు కూర్చుని తినడం ఉండనే ఉంది. నూలు వడికే వచనం ఒకారానికి రావడం నా అదృష్టం: "ఒక చేత ఏకు, ఒక చేత కదురు." ఇందులో అనువదించినట్టే లేదు. అందం వ్యర్థం అన్నచోట హీబ్రూలో ఉన్న మాటకు అసలు అర్థం ఊపిరి, ఆవిరి అని మిత్రుడు చెప్పారు. "మురిపం మోసం, అందం ఆవిరి" అని రాసుకుని ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కొన్ని చోట్ల దొంగ పని చేశాను, ఒప్పుకుంటాను. ఆమె వర్తకుల ఓడ లాంటిది, దూరం నుంచి ఆహారం తెస్తుంది అనేది ఉకారం కింద వచ్చింది. "ఉప్పు మొదలు సమస్తం దూరం నుంచి మోసుకొచ్చే ఓడ" అని రాసి అక్కకు వినిపించాను. అక్క టీచరుగా పనిచేసి రిటైరైంది, ఎర్ర సిరా ఆమె రక్తంలో ఉంది. "అక్కడ ఉప్పు ఉందా?" అంది. లేదన్నాను. "మరి నీ ఇంట్లోంచి తెచ్చి వేశావా?" అంది. తీసేశాను. "ఉన్నచోట ఉండేది కాదు, దూరం వెళ్లి దినుసులు తెచ్చే వర్తకుల ఓడ" అని మార్చాను. ఈకారానికి "ఈ ఉన్ని, ఈ నార అని ఏరి తెచ్చుకుంటుంది" అన్నాను. ఆ ఈ అనేది కేవలం అక్షరం కోసం వచ్చిందని చదివినవాడికి తెలిసిపోతుంది. నాక్స్ కూడా డి అక్షరం దగ్గర ఇక దారిలేక వాక్యాన్ని ప్రశ్నగా తిప్పి గట్టెక్కాడు. అది చూశాక నాకు ధైర్యం వచ్చింది.

కనానీయుడి గొడవ వేరు. ఆమె నడికట్లు నేసి కనానీయుడికి ఇస్తుందని లాటిన్‌లో ఉంది. హీబ్రూలో ఆ జాతి పేరే వ్యాపారి అనే అర్థంలోనూ చెల్లుతుంది. నాక్స్ ఊరూరా తిరిగే వర్తకుడన్నాడు. మా ఊరివాళ్లు ఏమనేవారు అనే ప్రశ్న వేసుకుంటే జవాబు వెంటనే వచ్చింది, కులం పేరుగా వచ్చింది. హీబ్రూలో జరిగిందే మన దగ్గరా జరిగింది. ఆ మాట ఖాయంగా సరిపోతుంది, అయినా రాయలేదు. అమ్మ సమాధి దగ్గర చదివేదాంట్లో ఎవరినీ కులం పెట్టి పిలవదలచుకోలేదు. వర్తకుడు చాలు.

నన్ను బాగా ఏడిపించింది మంచు. 21వ వచనంలో ఆ ఇల్లాలు ఇంటివారి కోసం మంచుకు భయపడదు, ఎందుకంటే అందరికీ బట్టలున్నాయి. ఏం బట్టలు? హీబ్రూలో అచ్చులు రాయరు కాబట్టి ఆ మాటను ఒకలా పలికితే ఎర్రనివి, ఇంకోలా పలికితే రెండు పొరలవి. లాటిన్ రెండోది పట్టుకుంది. నాక్స్ ఎరుపు జోలికీ పొరల జోలికీ పోకుండా వెచ్చని బట్టలని తప్పుకున్నాడు. తెలివైన పనే, కాకపోతే కొంచెం జారిపోయే తెలివి. నా చిక్కు బట్టలతో కాదు, మంచుతో. గుంటూరు జిల్లాలో పొగమంచే కానీ, తెల్లగా పేరుకునే ఆ మంచు కురవడం ఎవరు చూశారు? మా అమ్మ భయపడింది తుఫానుకు. తుఫాను అని రాస్తే మా ఊరివాళ్లు చెప్పినట్టే ఉంటుంది. కానీ తుఫానుకు వెచ్చని బట్టలు ఏం చేస్తాయి? అప్పుడు బట్టలు తీసి పైకప్పు పెట్టాలి. అలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే చివరికి మిగిలేది సామెతల గ్రంథం కాదు, మా అమ్మ జీవిత చరిత్ర. నాక్స్ గారి ప్రశ్నకు ఎక్కడో ఒక కంచె ఉండాలని ఆ రాత్రి అర్థమైంది. ఆయనకూ తెలిసే ఉంటుంది, కాకపోతే ఇంగ్లండులో మంచు కురుస్తుంది కాబట్టి ఈ వచనంలో ఆయనకు ఆ కంచె తగల్లేదు.

మధ్యే మార్గంగా మంచు తీసి చలి పెడదామనుకుని, మహా కనిపెట్టానని మురిసిపోతూ పాత తెలుగు బైబిలు తెరిచాను. "తన యింటివారికి చలి తగులునని భయపడదు" అని ఉంది. ఎవరో పెద్దలు ఎప్పుడో ఆ పని చేసి పెట్టి వెళ్లారు. నెల రోజులుగా పాత అనువాదాన్ని చిన్నచూపు చూస్తున్నవాడిని, కాస్త సిగ్గుపడ్డాను. ఆ సిగ్గుతోనే కాబోలు, మొండిగా మంచునే ఉంచేశాను: "ఔను, మంచు కురిస్తే కురవనీ, ఇంట అందరికీ వెచ్చని బట్టలున్నాయి." ఔకారానికి ఇంతకంటే గతి లేదు కూడా. వెచ్చని బట్టలు నాక్స్ నుంచి అరువు.

22 వాక్యాలూ శుభ్రంగా టైపు చేయించి విచారణ గురువు దగ్గరికి పట్టుకెళ్లాను. ఫాదర్ గారు నాకంటే పాతికేళ్లు చిన్న. శ్రద్ధగా చదివారు, రెండు చోట్ల నవ్వారు. తర్వాత కాగితం మడిచి నా చేతికే ఇచ్చారు. "మాస్టారూ, చాలా బాగుంది. కానీ పూజలో పఠనంగా కుదరదు. అనుమతి పొందిన పాఠమే చదవాలి, సొంత అనువాదం చదవకూడదు" అన్నారు. నాకు కోపం రావలసింది. రాలేదు. నాక్స్‌కే బిషప్పులు ముందు సొంతానికి చదువుకోమని అచ్చు వేయించి, ఏడాది చూసి అప్పుడు సరేనన్నారు. నేనెంత! "సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక చదవండి, అక్కడ నాకు అభ్యంతరం లేదు" అన్నారాయన.

అలాగే చేశాం. పూజలో అనుమతి ఉన్న పాఠం అక్క కూతురు చదివింది. సమాధుల తోటలో, కొవ్వొత్తులు గాలికి ఆరిపోతుంటే చేతులు అడ్డం పెట్టుకుని అందరూ నిలబడ్డప్పుడు నేను కాగితం తీశాను. "ఊరు లేవకముందే" దగ్గర ఎవరో అవునన్నట్టు గొంతు సవరించుకున్నారు. "ఎంచి చూసి పొలం కొంటుంది" అనగానే మా తమ్ముడు తల తిప్పుకున్నాడు. ఆ అరెకరం వాడి చదువుకే అమ్మింది అమ్మ. నకారం దగ్గర, "నిలబడి బిడ్డలు ఆమెను ధన్యురాలంటారు" అనే చోట, అక్క నమ్మకం తప్పయింది. నా గొంతు వణికింది.

అంతా అయ్యాక పిన్ని నా దగ్గరికొచ్చింది. అమ్మ చెల్లెలు, ఎనభై దాటింది. "బాగుంది నాయనా. కానీ గుణవతియైన భార్య చదవకుండా వదిలేశావే?" అంది. "అదే పిన్నీ నేను చదివింది" అన్నాను. నమ్మలేదు. ఆ వచనాలు మొదటి నుంచి చివరి దాకా అక్కడికక్కడే అప్పజెప్పింది. ఎక్కడా తడుముకోలేదు. బైబిలును అనువదించేవాడిని ఎవరైనా నిలదీయవచ్చు, ఎందుకంటే బైబిలులో ఏముందో తమకు ముందే తెలుసని అందరూ అనుకుంటారు అని నాక్స్ ఎక్కడో వాపోయాడు. పిన్ని సంగతి అంతకు మించింది. ఆమెకు నిజంగానే తెలుసు.

మర్నాడు సమాధి రాయి మీద ఏం చెక్కించాలనే మాట వచ్చింది. నేను ఏమీ అనలేదు, అడిగితే 'దిట్ట' అందామని ఎదురుచూశాను. ఎవరూ అడగలేదు. అక్క, తమ్ముడు, పిన్ని, ముగ్గురిదీ ఒకటే మాట. చెక్కేవాళ్లు అక్షరానికి ఇంత అని తీసుకుంటారు. "గుణవతియైన భార్య దొరుకుట అరుదు." లెక్క కట్టి డబ్బు నేనే ఇచ్చాను.